ఆపితే ఏమవుతుంది?
వ్యసనాల నిర్ధారణ, చికిత్స: ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం



ఈ ధర్మనిధి ఎవరి పేరిట ఉందో ఆ గురువుగారు మనోవైద్యులు కారు. జనరల్ మెడిసిన్ పాఠం చెప్పేవారు. ఆయన పేరిట జరిగే ఉపన్యాసానికి వ్యసనాలను అంశంగా తీసుకోవడంలో ఔచిత్యం ఉందనే నా నమ్మకం. వ్యసనంలో పడ్డ మనిషి మొదట మనోవైద్యుడి దగ్గరికి రాడు. కడుపునొప్పి అంటూ, కామెర్లంటూ, బండి మీంచి పడి కాలు విరిగిందంటూ, నిద్ర పట్టడం లేదంటూ ఫిజీషియన్లు, సర్జన్లు అయిన మీ దగ్గరికే వస్తాడు. మా దాకా వచ్చేసరికి చాలాసార్లు పదేళ్లు దాటిపోయి ఉంటాయి. కాబట్టి ఈ జబ్బును పట్టుకోవలసిన చోటు మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఈ మాటలు ముఖ్యంగా అక్కడ పనిచేసేవారి కోసం.

"మందు అలవాటుందా?" అని అడిగితే మనకు వచ్చే జవాబులు రెండే. "అబ్బే, లేదండీ" అనేది ఒకటి. "ఎప్పుడన్నా, ఫంక్షన్లకి" అనేది రెండోది. భార్య పక్కనుంటే మొదటిది, లేకపోతే రెండోది. కేస్ షీట్‌లో 'అకేషనల్' అని రాసుకుని ముందుకు పోతాం. అడిగిన తీరులోనే జవాబు దాగి ఉంది. అలవాటుందా అనడంలో తప్పు చేశావా అనే ధ్వని వినిపిస్తుంది. తప్పు ఒప్పుకోవడానికి ఆస్పత్రికి ఎవరూ రారు.

దాని బదులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆపితే ఏమవుతుంది? దీనికి మూడు గడువుల్లో మూడు జవాబులున్నాయి. మొదటి మూడు రోజుల్లో ఒంట్లో ఏమవుతుంది? మొదటి మూడు నెలల్లో మనసులో ఏమవుతుంది? ఆ తరవాత ఏళ్ల తరబడి ఇంట్లోనూ వీధిలోనూ ఏమవుతుంది? నిర్ధారణ మొదటి జవాబుతో మొదలవుతుంది. చికిత్స మూడో జవాబు దాకా సాగాలి. మన ఆస్పత్రుల్లో అది మొదటి జవాబు దగ్గరే ఆగిపోతోంది. పది రోజులు ఉంచుకుని, వణుకు తగ్గించి, "ఇంక తాగకు" అని చెప్పి పంపిస్తున్నాం. ఈ రోజు నా వాదన ఇంతే: పంపించిన రోజున మనం ముగించింది వైద్యంలో మొదటి అంకాన్నే.

లెక్క ఎవరు కట్టాలి?

"రోజుకెంత?" అంటే "ఒక్క క్వార్టరే సార్" అంటాడు. నిజమే చెబుతున్నాడు. లెక్క కట్టవలసింది మనం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. లెక్కేస్తే సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో ఒక 'డ్రింక్' అంటే 10 గ్రాములు. అంటే ఒక్క క్వార్టర్ ఆరు డ్రింకులతో సమానం. నైంటీ వేసుకున్నానంటే మూడు. "బీరే కదా" అని తేలిగ్గా తీసేసేవాడు 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు తాగితే, అది 8 శాతం ఉంటే, 40 గ్రాములు లోపలికి పోయినట్టు. రెండు సీసాలైతే క్వార్టర్‌ను దాటేశాడు. రోగి కొలతల్లో అడిగి మన కొలతల్లోకి మార్చుకోవాలి. "వారానికి ఎన్ని యూనిట్లు?" అని అతన్నే అడిగితే బిక్కమొహం వేస్తాడు.

ఆ సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. మొత్తం మార్కులు 40. ఎనిమిది గాని, ఆపైన గాని వస్తే జాగ్రత్తపడాలి. ఇరవై గాని, ఆపైన గాని వస్తే ఆధారపడే స్థితి ఉందేమో పూర్తిగా పరీక్షించాలి. అంత తీరిక లేనప్పుడు కేజ్ అనే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా? తప్పు చేస్తున్నానని బాధపడ్డారా? పొద్దున లేవగానే చుక్క పడితే గాని చెయ్యి నిలకడగా ఉండని రోజు ఉందా? నాలుగింటిలో చివరిదాని బరువు ఎక్కువ. నా ప్రశ్న కూడా దానిలోంచి పుట్టిందే. బీడీ, సిగరెట్ల విషయంలోనూ అంతే. రోజుకెన్ని అనే దానికన్నా, నిద్ర లేచాక మొదటిది ఎన్ని నిమిషాలకు ముట్టిస్తారు అనేది ఎక్కువ చెబుతుంది. అయిదు నిమిషాల్లోపే అన్నాడంటే నికోటిన్ ఆ మనిషిని గట్టిగా పట్టుకున్నట్టు.

అయితే పరిమాణం ఒక్కటే రోగనిర్ధారణ కాదు. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ అనే ఇద్దరు వైద్యులు మద్యంపై ఆధారపడడాన్ని ఒక లక్షణ సముదాయంగా వర్ణించారు. ఇప్పటి కొలబద్దలన్నీ ఆ వర్ణనకు రుణపడి ఉన్నవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల పదకొండో వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో మూడు లక్షణాలు చూడమంటారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతలో ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం మొదటిది. పని, పిల్లలు, ఆరోగ్యం అన్నీ వెనక్కిపోయి ఆ ఒక్కటే ముందుకు రావడం రెండోది. ఒళ్లు దానికి అలవాటుపడి మోతాదు పెరగడం, ఆపితే బాధలు రావడం మూడోది. వీటిలో రెండు, ఏడాది పాటు కనిపిస్తే నిర్ధారణ చేయవచ్చు. రోజూ వాడేవాళ్లకైతే మూడు నెలలు చాలు. 2013లో వచ్చిన అమెరికన్ వర్గీకరణ డీఎస్ఎం-5 పదకొండు లక్షణాలు ఇచ్చింది. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదుంటే మధ్యస్థం, ఆరు గాని, ఆపైన గాని ఉంటే తీవ్రం. పాత వర్గీకరణలో దుర్వినియోగం, ఆధారపడడం అని రెండు వేరు వేరు గదులుండేవి. ఆ గోడ తీసేశారు. దీనివల్ల వచ్చిన లాభం ఏమిటంటే, అడుగంటిపోయేదాకా ఆగనక్కర్లేదు. స్వల్పంగా ఉన్నప్పుడే పేరు పెట్టి మాట్లాడవచ్చు.

మొదటి మూడు రోజులు

ఇప్పుడొక వార్డులోకి వెళదాం. గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. ఆర్థోపెడిక్ వార్డు, మంగళవారం రాత్రి. ఆదివారం బండి మీంచి పడి తొడ ఎముక విరిగిన ఒక ఆర్టీసీ కండక్టరు. సోమవారం చేతులు వణికితే నొప్పి వల్లనుకున్నారు. మంగళవారం రాత్రి పదకొండింటికి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎడమచేతిలో లేని టికెట్ మిషన్ పట్టుకున్నాడు. "చిల్లరియ్యాలె, చిల్లరియ్యాలె" అంటూ పక్క మంచాలవాళ్లకు టికెట్లు కొడుతున్నాడు. సెలైన్ సూది పీకేశాడు. దుప్పటి మీద పాకుతున్న పురుగుల్ని ఏరేస్తున్నాడు. నాడి 130. ఒళ్లంతా చెమట. జ్వరం. ఎక్కడున్నావంటే బస్టాండ్ పేరు చెప్పాడు. మాకు వచ్చిన కాల్ స్లిప్ మీద ఉన్నది ఒకటే వాక్యం: పేషెంటు గొడవ చేస్తున్నాడు, మీ వార్డుకు మార్చుకోగలరు.

ఇది పిచ్చి కాదు, గొడవా కాదు. డెలీరియం ట్రెమెన్స్. రోజూ తాగే మనిషికి చివరి గుక్క పడ్డాక ఆరు గంటల నుంచి వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఈ మతిభ్రమ వస్తుంది. తమ వృత్తి పనిని గాల్లో చేయడం ఇందులో తరచూ కనిపించేదే. దర్జీ బట్ట కుడతాడు, రైతు ఎడ్లను అదిలిస్తాడు. అందుకే ఎముక విరిగి చేరినా, అపెండిక్స్ ఆపరేషన్‌కు చేరినా, మొదటి రోజే అడగాలి: చివరిసారి ఎప్పుడు తాగారు? ఇంతకుముందు ఆపినప్పుడు ఏమైంది? ఫిట్స్ వచ్చాయా? ఎవరినీ నిందించని ఈ మూడు ప్రశ్నలు కండక్టరుకు ఆదివారం రాత్రే పడి ఉంటే మంగళవారం ఆ స్థితి వచ్చేది కాదు.

చికిత్స మన అందుబాటులోనే ఉంది. క్లోర్‌డయాజిపాక్సైడ్ గాని, డయాజిపామ్ గాని మొదట సరిపడా ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేయాలి. కాలేయం చెడిందని అనుమానముంటే లోరాజిపామ్ మేలు. ఇక అన్నిటికన్నా ముందు థయమిన్. తాగుడుతో చిక్కిపోయిన మనిషి నీరసంగా కనబడగానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం మన దగ్గర పరిపాటి. ఒంట్లో థయమిన్ అడుగంటినప్పుడు ముందుగా గ్లూకోజ్ పడితే వెర్నికీ వ్యాధి ముంచుకురావచ్చు. మతి తప్పడం, నడక తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం దాని లక్షణాలు. మూడూ ఒక్కసారే కనబడేది కొద్దిమందిలోనే కాబట్టి ఒక్కటి కనబడినా ఇంజెక్షన్ ఇచ్చేయాలి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. ఖరీదు లేని విటమిన్ అది. దాన్ని గ్లూకోజ్ కన్నా ముందు ఇవ్వాలన్న క్రమం మాత్రం ప్రతి డ్యూటీ నర్సుకూ తెలిసి ఉండాలి.

"నేను తాగను సార్, కల్లే"

తెలంగాణలో పనిచేసే వైద్యుడికి ఈ పాఠం ఇంకొంచెం జటిలం. నాట్లకు, కలుపులకు పోయే ఆడవాళ్లు, ముసలివాళ్లు "తాగుడా? లేదు సార్, పొద్దుమీకి రెండు సీసాల కల్లు" అంటారు. కల్లు వాళ్ల దృష్టిలో మందు కాదు. చెట్టు నుంచి దించిన కల్లు విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. దానిలో ఉండే ఆల్కహాల్ బీరు స్థాయిలోదే. కాని తాటిచెట్లు, ఈతచెట్లు ఇచ్చే దానికన్నా కాంపౌండ్లలో అమ్ముడయ్యేది ఎంతో ఎక్కువ. ఆ లోటును నీళ్లతో, శాకరిన్‌తో, నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలం పొడులతో పూడుస్తున్నారు. తాగేవాడికి తెలియకుండానే అతను నిద్రమాత్రల బానిస అవుతున్నాడు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏం జరిగిందో మనలో చాలామంది చూశారు. వింత ప్రవర్తన, ఫిట్స్, నాలుక కరుచుకోవడం, మెడలు వాలిపోవడం వంటి లక్షణాలతో జనం ఆస్పత్రులకు పోటెత్తారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీ ముందు అదే దృశ్యం. వచ్చినవాళ్లలో చాలామంది తమకు ఏ అలవాటూ లేదనే చెప్పారు.

ఇక్కడ 'ఏం తాగుతావు' అన్న ప్రశ్న మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఆపితే ఏమవుతుందన్నది దారి చూపిస్తుంది. ఆల్ప్రాజోలం త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఆరాటం, నిద్రలేమి, ఫిట్స్ మొదలవుతాయి. డయాజిపామ్ నెమ్మదిగా పోతుంది కాబట్టి దాని బాధలు వారానికి కూడా పైకి రావచ్చు. రెండూ కలిసిన కల్లు తాగినవాడికి నాలుగో రోజు తేరుకున్నట్టుండి ఏడో రోజు మళ్లీ మూర్ఛ రావచ్చు. మద్యం కేసనుకుని అయిదో రోజు డిశ్చార్జి చేస్తే దారిలోనే పడిపోతాడు. మామూలు మూత్రపరీక్ష పట్టీ మీద క్లోరల్ హైడ్రేట్ కనిపించదు. ఆ పట్టీ ఏమీ లేదన్నా రోగి ఒళ్లు చెప్పేదే నమ్మాలి. ఈ రోగులకు మందు తగ్గించే క్రమం రోజుల్లో కాదు, వారాల్లో సాగాలి.

ఎక్సైజ్ శాఖవారికి కూడా ఒక విన్నపం. కల్తీ కల్లును అరికట్టవలసిందే. అందులో రెండో మాట లేదు. కాని ఒక మండలంలో దుకాణాలు మూయిస్తున్నప్పుడు ఆ మండలపు వైద్యాధికారికి ముందే కబురు అందాలి. ఊరంతటికీ ఒక్క రోజున మందు ఆగిపోతుంటే, అక్కడి ఆరోగ్య కేంద్రంలో డయాజిపామ్, థయమిన్ నిల్వ ఉండాలి. కల్లులో ఏ పొడి దొరికిందో ప్రయోగశాల నివేదిక కోర్టుకు చేరినంత త్వరగా ఆస్పత్రికీ చేరాలి.

సీసా లేని వ్యసనం

ఏ పదార్థమూ ఒంట్లోకి పోకుండానే అదే జబ్బు రావచ్చా? జూదం విషయంలో వస్తుందనే ఇప్పటి వైద్యశాస్త్రం ఒప్పుకుంది. డీఎస్ఎం-5 జూదవ్యాధిని తీసుకొచ్చి మద్యం, మత్తుమందుల అధ్యాయంలోనే పెట్టింది. తొమ్మిది లక్షణాల్లో నాలుగు ఉంటే చాలంటుంది. పదకొండో అంతర్జాతీయ వర్గీకరణ దానికి గేమింగ్ వ్యాధిని కూడా జోడించింది. జూదంలో ఆపితే వచ్చే బాధ చేతి వణుకు కాదు. చిరాకు, కుదురు లేకపోవడం, నిద్రపట్టకపోవడం, పోయింది రాబట్టుకోవాలన్న తహతహ. ఈ చివరిదే ప్రాణాలు తీస్తుంది.

ఇరవై ఏడేళ్ల కుర్రాడు, ప్రైవేటు ఉద్యోగం, నిద్ర లేదని వచ్చాడు. ఆన్‌లైన్ ఆటల గురించి అడిగితే "టైంపాస్‌కి రమ్మీ" అన్నాడు. ఫోనులో బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి ఇద్దరం కలిసి చూశాం. జీతం పడిన రోజు రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి మధ్య అయిదు వందలు, రెండు వేలు, అయిదు వేలు, మళ్లీ అయిదు వేలు. మధ్యలో ఒక్కసారి పదకొండు వేలు వెనక్కి వచ్చింది. ఆ తరవాతి గంటలో అదంతా పోయింది. కింద వరసగా లోన్ యాప్‌ల పేర్లు. నేనేమీ అనలేదు. అతనే "గెలిచిన రోజు ఆపేసుంటే సరిపోయేది" అన్నాడు. ఆ మాటలోనే జబ్బు ఉంది. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు, ఖాయంగా వచ్చే గెలుపు కన్నా మనిషిని గట్టిగా కట్టిపడేస్తుంది. మా రంగంలో బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా ఒక ల్యాబ్ రిపోర్టే. కుటుంబ సభ్యులు వినకుండా, రోగి అనుమతితో, తప్పక చూడండి.

ఇలాంటివాళ్లను ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అప్పు బయటపడిన రోజు, రికవరీ ఏజెంట్లు బంధువులకు ఫోన్లు చేసిన రోజు చాలా ప్రమాదకరమైనవి. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండనివ్వకూడదు. టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు అతని ఫోన్లో ఉండాలి.

నిర్ధారణలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. యాభై దాటిన మనిషి ఉన్నట్టుండి జూదం మొదలుపెడితే మందుల చీటీ చూడండి. పార్కిన్సన్స్ వ్యాధికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ కొందరిలో ఈ పిచ్చిని రేపుతాయి. మోతాదు మారిస్తే తగ్గవచ్చు. అలాగే మేనియాలో ఉన్న మనిషి కూడా ఒక్క వారంలో లక్షలు తగలేయగలడు. అక్కడ వైద్యం వేరు. రెండో జాగ్రత్త పిల్లల గురించి. ఫోను వదలని ప్రతి పిల్లవాడికీ గేమింగ్ వ్యాధి అని పేరు పెట్టకండి. చదువు, స్నేహాలు, నిద్ర అన్నీ దెబ్బతిని, అయినా ఆపలేక ఏడాది పాటు సాగినప్పుడే ఆ మాట వాడాలి. చాలామందిలో అసలు జబ్బు డిప్రెషన్‌గానో, ఏడీహెచ్‌డీగానో, బడిలో జరుగుతున్న వేధింపుగానో తేలుతుంది. ఫోను వాళ్లు దాక్కున్న చోటు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కల్లు దుకాణం విషయంలో చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. ఆట ఆగినా అప్పు ఆగదు, తహతహ ఆగదు. కొందరు దొంగ బెట్టింగ్ యాప్‌లకు మళ్లుతారు. చట్టం మొదలుపెట్టిన పనిని క్లినిక్ అందుకోవాలి.

మాట, మాత్ర

మొదటి వారం గడిచాక వచ్చే మూడు నెలల గురించి. ఒళ్లు కుదుటపడ్డ మనిషికి సాయంత్రం ఆరింటికి నోరు పీకుతుంది. అప్పుడు మన ఉపదేశం పనిచేయదు. విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తరవాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. సూత్రం సులువు. మానాలన్న వాదన మన నోట వస్తే, మానకూడదన్న వాదన అతని నోట వస్తుంది. కాబట్టి మానాలన్న మాట అతని నోటే రానివ్వాలి. "తాగుడు వల్ల మీకు కలిసొచ్చిందేమిటి?" అని మొదలుపెట్టండి. రోగి తెల్లబోతాడు. నిద్ర పడుతుందంటాడు, ఒళ్లునొప్పులు తగ్గుతాయంటాడు, నలుగురిలో కలుస్తానంటాడు. అవన్నీ విన్నాక "మరి కలిసిరానిది?" అని అడిగితే కూతురి పెళ్లిచూపుల రోజు సంగతి అతనే చెబుతాడు. అప్పటికి సగం వైద్యం అయినట్టే.

మందుల్లో మూడు ముఖ్యం. నాల్ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే మజాను తగ్గిస్తుంది. రోజుకొక మాత్ర. కాలేయాన్ని గమనించాలి. నల్లమందు జాతి మందులు వాడేవారికి ఇవ్వకూడదు. అకాంప్రోసేట్ కాలేయం చెడినవారికీ పనికొస్తుంది గాని, కిడ్నీలు బాగుండాలి, రోజుకు మూడు పూటలా మింగాలి. మూడోది డైసల్ఫిరామ్. 1948లో డెన్మార్క్ పరిశోధకులు దాని ప్రభావాన్ని ప్రకటించారు. అది వేసుకున్న మనిషి తాగితే ఎసిటాల్డిహైడ్ పేరుకుని మొహం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది.

మన ఊళ్లలో గోడల మీద, పేపరు అడుగు పేజీల్లో ఒక ప్రకటన చూస్తుంటాం: తాగుడు మాన్పించే మందు, తెలియకుండా ఇవ్వవచ్చు. విసిగి వేసారిన ఇల్లాలు దాన్ని కొని పప్పులో కలుపుతుంది. ఆ పొట్లంలో డైసల్ఫిరామ్ ఉంటే, అతను తాగొస్తే, ఆమె కళ్ల ముందే గుండె ఆగిపోవచ్చు. ఆ ఇల్లాలిని కోప్పడి లాభం లేదు. ఆమె అక్కడిదాకా రావడానికి మనమే కారణం. ఆమె మన ఓపీకి వచ్చినప్పుడు "ఆయన్ని తీసుకురా, అప్పుడు చూద్దాం" అని వెనక్కి పంపేశాం. ఆయన రాకపోయినా ఆమెను కూర్చోబెట్టాలి. తాగి ఉన్నప్పుడు వాదించవద్దనీ, పొద్దున్నే మాట్లాడమనీ, అప్పులు తీర్చి కప్పిపుచ్చవద్దనీ, కొడితే ఎవరికి చెప్పాలో కూడా చెప్పాలి. డైసల్ఫిరామ్ పనిచేసేదీ ఆమె చేతి మీదుగానే. రోగికి అన్నీ వివరించి, అతని ఒప్పుకోలుతో, రోజూ ఆమె ఎదుట మింగితే ఆ మాత్ర మంచి ఫలితమిస్తుంది. దొంగచాటుగా కలిపితే అదే విషం.

అలాగే గొలుసులు, తాళాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులను మానసిక వ్యాధుల కిందే చేర్చింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. అయినా 'డీ-అడిక్షన్ సెంటర్' బోర్డు పెట్టి నెలల తరబడి గదిలో పడేసే చోట్లు లేకపోలేదు. పంపే ముందు అక్కడ అర్హుడైన వైద్యుడున్నాడా, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు అని అడగమని కుటుంబాలకు చెప్పండి. గంజాయి, ఇతర మత్తుమందుల విషయంలో పోలీసు భయంతో ఆస్పత్రికి రానివాళ్లు చాలామంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64-ఎ సెక్షన్ ఉంది. కొద్ది పరిమాణంతో దొరికి, తనంతట తాను చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి అది విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఆ సంగతి మన ఓపీ గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

ఇంటికి వెళ్లాక

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికుల్ని 1970లలో లీ రాబిన్స్ అధ్యయనం చేశారు. అక్కడ వ్యసనంలో పడ్డవాళ్లలో తిరిగొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ పడింది సుమారు 5 శాతం. మూడేళ్లకు 12 శాతం. డాక్టర్లే నమ్మలేకపోయారు. వాళ్లకు జరిగిన చికిత్స స్వల్పం. మారింది ఊరు, తోడు, రోజు గడిచే తీరు. మన రోగికి ఇవేమీ మారవు. ఆస్పత్రి నుంచి వచ్చి దిగిన బస్టాప్ పక్కనే బెల్టు షాపు, అదే మేస్త్రీ, అదే సాయంత్రం కూలి డబ్బు. ఆ పది రోజుల వైద్యం అక్కడ ఎంతసేపు నిలుస్తుంది?

ఆ వాతావరణాన్ని మార్చగలమని చూపినవాళ్లు వైద్యులు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు ఒకటిన అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. నిషేధం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు. వీధి మారితే ఇల్లు మారుతుందని ఆ స్త్రీలు పట్టుకున్న సూత్రం వైద్యానికీ వర్తిస్తుంది. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ చేసే పని కూడా అదే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చోవడానికి మందు లేని చోటు, మాట్లాడడానికి అదే దారి నడిచిన మనిషి.

అన్నీ చేసినా మళ్లీ పడతారు. 2000లో వచ్చిన ఒక ప్రసిద్ధ సమీక్ష ప్రకారం వ్యసనాల్లో 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలో మళ్లీ మొదటికొస్తారు. బీపీ, ఉబ్బసం రోగుల్లో ఆ సంఖ్య 50 నుంచి 70. బీపీ మాత్ర మానేసి వచ్చిన మనిషిని మనం తిట్టం. బీపీ చూసి మాత్ర రాస్తాం. మళ్లీ తాగి వచ్చినవాడికి మాత్రం "నీకు చెప్పడం దండగ" అంటాం. మళ్లీ తాగి వచ్చినవాడు మనకు కొత్త సమాచారం తెస్తున్నాడు. ఏ రోజు, ఎవరితో, ఏం జరిగాక? పండగకా, గొడవకా, జీతం రోజునా? అవి రాసుకుంటే తరవాతి మూడు నెలల చికిత్స ప్రణాళిక అదే.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో రెండు సంఖ్యలు ఇచ్చింది. మద్యంపై ఆధారపడ్డవాళ్లలో ఏదో ఒక చికిత్స పొందానని చెప్పింది 38 మందిలో ఒక్కరు. ఆస్పత్రిలో చేరింది 180 మందిలో ఒక్కరు. ఇంతమందికి చాలినంతమంది మనోవైద్యులు రేపో మాపో తయారుకారు. ఈ హాల్లో ఉన్న ఫిజీషియన్లు, సర్జన్లు, మెడికల్ ఆఫీసర్లే ఆ మిగతా 37 మందికి దిక్కు.

అందుకే ఈ ధర్మనిధి కమిటీకి, మన కళాశాలకు మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. మొదటిది, ఏ వార్డులో చేరినవాళ్ల కేస్ షీట్‌లోనైనా 'అకేషనల్' అన్న మాట తీసేసి, ఎంత, చివరిసారి ఎప్పుడు, ఆపితే ఏమైంది అనే మూడు గళ్లు పెట్టాలి. రెండోది, హౌస్ సర్జన్లకు మా విభాగంలో పోస్టింగ్ ఉన్నన్ని రోజులూ రోగి భార్యతోనో తల్లితోనో విడిగా మాట్లాడడం నేర్పాలి. మూడోదానికి డబ్బు కూడా అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం అడుగున మనం 'మద్యం మానవలెను' అని రాసి సంతకం పెడుతున్నాం. ఇకనుంచి దాని కింద వారానికి ఒకటి, నెలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి, మూడు తేదీలు వేద్దాం. వాటి పక్కన 'తాగినా సరే, రండి' అని రాద్దాం. రోగి వచ్చినప్పుడు ఆ మాట మీద నిలబడదాం.